మార్ ఎర్ల్ బిరుదు ఎవరిది? స్కాట్లాండ్ వంశ బిరుదుల వారసత్వంపై తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లాండ్‌లో మార్ అనే ఒకే పేరుతో రెండు ఎర్ల్ (ఒక రకం ప్రభువు హోదా) బిరుదులు ఉన్నాయని చెప్తే మొదట ఎవరూ నమ్మరు. ఎవరో ఒకరు పొరపాటు పడుంటారని అంటారు. నిజానికి ఆ రెండూ చట్టబద్ధమైనవే. అది అర్థమైతే స్కాట్లాండ్ బిరుదుల వారసత్వంలో ముప్పాతిక వంతు అర్థమైనట్టే. అందుకే ఈ పేజీలో దానికే ఎక్కువ చోటిచ్చాను. మిగతా ప్రశ్నలు దాని చుట్టూ వచ్చేవి.

ఎర్ల్, డ్యూక్ లాంటి బిరుదు ఆస్తి లాంటిదేనా? పిల్లలందరికీ వాటా ఉంటుందా?

ఉండదు. పొలాన్ని నలుగురు అన్నదమ్ములు పంచుకోవచ్చు, బిరుదును పంచుకోవడం కుదరదు. ఒక కాలంలో ఒక్కరికే వెళ్తుంది. వీలునామా రాసి ఇష్టమొచ్చిన వాళ్ళకి ఇవ్వడానికీ లేదు, అమ్మడానికీ లేదు. బంగళా, భూములు ఒకరి చేతిలోకీ, బిరుదు ఇంకొకరి చేతిలోకీ పోయిన కుటుంబాలు స్కాట్లాండ్‌లో చాలానే ఉన్నాయి.

మరి ఎవరికి వెళ్ళాలో ఎవరు తేలుస్తారు?

మొదట బిరుదు ఇచ్చినప్పుడు రాజు పత్రంలో రాసిన మాట. అసలు కీలకమంతా అక్కడే ఉంది. 'ఇతని పుత్ర సంతానానికి' అని ఉంటే మగవాళ్ళ వరసలోనే నడుస్తుంది. 'ఇతని వారసులకు' అని ఉంటే కొడుకులు లేనప్పుడు కూతురికి వస్తుంది. 'ఇతని మగ వారసులెవరికైనా' అని ఉంటే సొంత సంతానం లేకపోయినా అన్నదమ్ముల వరసకి, దూరపు దాయాదులకి కూడా పోవచ్చు. ఏ కుటుంబం గురించి అడిగినా ముందు ఆ పత్రం ఏం చెప్తోందో చూడమనే నేను చెప్తాను.

వరస మాత్రం మామూలుగా జ్యేష్ఠ క్రమమే. పెద్దకొడుకు తండ్రి కంటే ముందే చనిపోతే, అతని కొడుకు, అంటే మనవడు, రెండో కొడుకు కంటే ముందుకొస్తాడు. బాబాయి ఎంత పెద్దవాడైనా సరే.

స్కాట్లాండ్‌కే ప్రత్యేకమైన పద్ధతి ఇంకోటి ఉంది. 1707లో ఇంగ్లండ్‌తో కలిసే దాకా ఒక ప్రభువు తన బిరుదును రాజుకి తిరిగి అప్పగించి, కొత్త వారసత్వ క్రమంతో మళ్ళీ రాయించుకోవచ్చు. దీనివల్ల వచ్చిన చిక్కులు వందేళ్ళ తర్వాత బయటపడ్డాయి. రాక్స్‌బరో మొదటి ఎర్ల్ 1648లో రాయించుకున్న వారసత్వ క్రమం మీద 1805లో పెద్ద తగాదా మొదలైంది. చివరికి 1812లో సర్ జేమ్స్ ఇన్నెస్ అనే ఆయన ఐదో డ్యూక్ ఆఫ్ రాక్స్‌బరో అయ్యారు.

బిరుదుల్లో పెద్దవి ఏవి, చిన్నవి ఏవి?

పై నుంచి కిందకి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, ఆ తర్వాత పార్లమెంటు లార్డ్. ఇంగ్లండ్‌లో ఈ చివరి మెట్టును బేరన్ అంటారు. స్కాట్లాండ్‌లో బేరన్ అంటే వేరు, అది పాత జాగీరు లాంటి హక్కు. 2004 నవంబరులో అక్కడ భూస్వామ్య పద్ధతిని రద్దు చేసినప్పుడు ఆ బేరన్ హోదాను భూమి నుంచి విడదీశారు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో అక్కడ గవర్నర్లుగా పనిచేసిన వాళ్ళలో ఇద్దరిని చూస్తే తేడా తెలుస్తుంది. 1837 నుంచి 1842 దాకా ఉన్న లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌ది స్కాట్లాండ్ పార్లమెంటు లార్డ్ హోదా, ఆ వరసలో ఆయన పదమూడోవారు. ఆయన తర్వాత 1848 దాకా ఉన్న ట్వీడేల్ మార్క్వెస్ అయితే రెండో మెట్టు మీద ఉన్నట్టు.

ఆడపిల్లకి వస్తుందా?

కొన్నింటికి వస్తుంది. పాత స్కాటిష్ బిరుదుల్లో ఇది చాలాసార్లు జరిగింది. ఇంగ్లండ్‌తో పోల్చితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇంగ్లండ్ పాత బేరనీల్లో కొడుకులు లేక ఇద్దరు ముగ్గురు కూతుళ్ళుంటే, వాళ్ళందరికీ సమాన హక్కని చెప్పి, బిరుదు ఎవరికీ చెందకుండా ఆగిపోతుంది. ఒక్కోసారి వందల ఏళ్ళు ఆగిపోతుంది. స్కాట్లాండ్‌లో ఆ గొడవ లేదు, పెద్దకూతురికి వెళ్తుంది.

సదర్లాండ్ ఎర్ల్ బిరుదు దీనికి మంచి ఉదాహరణ. 1766లో తల్లిదండ్రులిద్దరూ పోయేసరికి ఎలిజబెత్ పసిపాప. మగ దాయాదులు బిరుదు తమదన్నారు. 1514లో అదే బిరుదు అన్న తర్వాత చెల్లెలికి వచ్చిందన్న పాత సాక్ష్యం ఆమెకు కలిసొచ్చింది. 1771లో బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ఐదేళ్ళ పాప పక్షానే తీర్పిచ్చింది.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. బ్రిటన్ సింహాసనం విషయంలో ఆడ మగ తేడా తీసేస్తూ 2013లో చట్టం వచ్చింది, అది రాజకుటుంబానికి మాత్రమే. ఎర్ల్, డ్యూక్ బిరుదులకి అది వర్తించదు. కొడుకు పుడితే పెద్దకూతురు ఇప్పటికీ వెనక్కి జరగాల్సిందే. నా మట్టుకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది.

మార్ అంటే ఏమిటి? అంత పాతదా?

అబర్డీన్‌షైర్‌లో డీ, డాన్ నదుల మధ్య ప్రాంతం మార్. 12వ శతాబ్దం మొదట్లోనే స్కోన్ మఠానికి సంబంధించిన పత్రంలో మార్ పాలకుడు రోత్రీ పేరు కనిపిస్తుంది. అప్పటికి బిరుదు పత్రాలు రాసే అలవాటే లేదు. అంటే ఈ ఎర్ల్ బిరుదుకి 'మొదటి పత్రం' అనేది లేదు. తర్వాత జరిగిన గొడవంతటికీ ఇదే మూలం.

కిల్‌డ్రమ్మీ కోట తాళాల కథ నిజమేనా?

నిజమే, పత్రాలున్నాయి. 1377 ప్రాంతంలో ఎర్ల్ థామస్ పిల్లల్లేకుండా చనిపోతే బిరుదు ఆయన చెల్లెలు మార్గరెట్‌కీ, ఆమె తర్వాత కూతురు ఇసబెల్‌కీ వచ్చింది. ఇసబెల్ భర్త 1402లో చనిపోయారు. వితంతువైన ఆమె కిల్‌డ్రమ్మీ కోటలో ఉంటుండగా అలెగ్జాండర్ స్టీవర్ట్ ఆ కోటను ఆక్రమించాడు. 'బాడెనాక్ తోడేలు' అని పేరుపడ్డ రాజకుమారుడి కొడుకతను, ధర్మపత్నికి పుట్టినవాడు కాదు. 1404 ఆగస్టులో ఇసబెల్ చేత ఒక పత్రం రాయించుకున్నాడు. తమకి పిల్లలు పుట్టకపోతే ఎర్ల్ బిరుదు తన వారసులకే పోవాలని అందులో ఉంది.

దౌర్జన్యంగా రాయించుకున్న కాగితం నిలవదని అతనికి అర్థమైనట్టుంది. సెప్టెంబరులో కోట గుమ్మం దగ్గర పదిమంది చూస్తుండగా ఆ పత్రాన్నీ, కోట తాళాలనూ ఇసబెల్ చేతికి తిరిగిచ్చేశాడు. ఆమె తాళాలు చేతిలో పట్టుకుని, తన ఇష్టంతోనే అతన్ని భర్తగా ఎంచుకుంటున్నానని ప్రకటించింది. ఆ ఇష్టం ఎంత నిజమో మనం చెప్పలేం. కానీ డిసెంబరులో రాసిన కొత్త పత్రంలో వారసత్వ క్రమం మారింది. ఇద్దరికీ పిల్లలు లేకపోతే బిరుదు ఇసబెల్ రక్త సంబంధీకులకే వెళ్ళాలని రాశారు. ఆ ఒక్క మాట తర్వాత నాలుగున్నర వందల ఏళ్ళు కోర్టుల్లో నలిగింది.

వాళ్ళకి పిల్లలు పుట్టలేదు. అలెగ్జాండర్ 1411లో హార్లా యుద్ధంలో సేనకి నాయకత్వం వహించి పేరు తెచ్చుకుని, 1435లో చనిపోయాడు. ఇసబెల్ వైపు బంధువు రాబర్ట్ ఎర్‌స్కిన్ బిరుదు తనదన్నాడు. 1438లో వారసుడని గుర్తింపు కూడా వచ్చింది. కానీ 1457లో రాజు రెండో జేమ్స్ దాన్ని కొట్టివేయించి, మార్‌ను తన చేతిలోకి తీసుకున్నాడు. ఎర్‌స్కిన్ కుటుంబం వందేళ్ళకు పైగా ఎదురుచూసింది.

1565లో మేరీ రాణి చేసింది పాత బిరుదు తిరిగివ్వడమా, కొత్తది ఇవ్వడమా?

ఇదే అసలు ప్రశ్న. 1565 జూన్‌లో రాణి ఒక పత్రం ద్వారా మార్ భూములను జాన్ ఎర్‌స్కిన్‌కీ, అతని వారసులకీ ఇచ్చింది. పూర్వీకులకి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దుతున్నట్టు దాని ధోరణి. కొద్ది వారాలకే, రాణికి డార్న్‌లీతో పెళ్ళి జరిగిన రోజుల్లో, అతన్ని ఎర్ల్ ఆఫ్ మార్ అని పిలవడం మొదలైంది. అయితే బిరుదు ఇస్తున్నట్టు చెప్పే పత్రం మాత్రం దొరకలేదు.

తిరిగివ్వడమే అనుకుంటే పాత క్రమమే నడుస్తుంది, ఆడవాళ్ళకీ వస్తుంది. కొత్తగా ఇచ్చింది అనుకుంటే, పత్రం దొరకనప్పుడు పుత్ర సంతానానికే ఇచ్చినట్టు భావించాలన్నది హౌస్ ఆఫ్ లార్డ్స్ పాటించిన సూత్రం.

మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది. 1715 సెప్టెంబరులో అప్పటి ఎర్ల్ జాన్, బ్రేమార్ దగ్గర జెండా ఎగరేసి, సింహాసనం కోల్పోయిన స్టూవర్ట్ వంశం తరఫున తిరుగుబాటు చేశాడు. ఓడిపోయి దేశం వదిలి పారిపోయాడు. 1716లో రాజద్రోహం కింద బిరుదు పోయింది. అలా పోయిన బిరుదు మళ్ళీ రావాలంటే పార్లమెంటు చట్టమే చేయాలి. ఆ చట్టం 1824లో వచ్చింది. తిరిగి పొందినాయన ఆ తిరుగుబాటుదారుడి కూతురి కొడుకు.

ఒకటి రెండెలా అయింది?

1866లో అప్పటి ఎర్ల్ పిల్లల్లేకుండా చనిపోయారు. ఆయన మార్‌తో పాటు కెల్లీ అనే మరో బిరుదుకీ ఎర్ల్. కెల్లీ మగవాళ్ళ వరసలో నడిచేది కాబట్టి పేచీ లేకుండా దాయాదికి వెళ్ళింది. మార్ దగ్గర ఇద్దరు నిలబడ్డారు, ఒకరు మేనల్లుడు, ఒకరు దాయాది. చనిపోయినాయన అక్కచెల్లెళ్ళలో ఒకరి కొడుకు గుడీవ్ ఎర్‌స్కిన్. ఎదురుగా కెల్లీ కొత్త ఎర్ల్.

మొదట్లో గుడీవ్ ఎర్‌స్కిన్‌నే అందరూ ఎర్ల్ ఆఫ్ మార్ అన్నారు. 1867లో కెల్లీ ఎర్ల్ దావా వేశారు. తీర్పు వచ్చేలోపు ఆయన పోయారు, ఆయన కొడుకు కొనసాగించారు. 1875లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ దాయాది పక్షాన తేల్చింది. పాత మార్ ఎప్పుడో అంతరించిందనీ, 1565లో రాణి ఇచ్చింది కొత్త బిరుదనీ, అది మగవాళ్ళ వరసకే అనీ చెప్పింది.

ఈ తీర్పును స్కాట్లాండ్‌లో చాలామంది జీర్ణించుకోలేకపోయారు. దానికి కారణం ఉంది. 1606లో ప్రభువుల వరస క్రమాన్ని అధికారికంగా నిర్ణయించినప్పుడు మార్‌కి 1565 కంటే ఎంతో ముందరి స్థానం ఇచ్చారు. బిరుదు 1565లోనే పుట్టినదైతే అంతకుముందు పుట్టిన ఎర్ల్‌ల కంటే పైన ఎలా కూర్చుంటుంది? నాకూ ఈ వాదనలోనే బలం కనిపిస్తుంది. చివరికి 1885లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి పాత ఎర్ల్ బిరుదును మేనల్లుడికి పునరుద్ధరించింది. 1875 తీర్పును మాత్రం రద్దు చేయలేదు. కాబట్టి రెండూ నిలిచాయి. ఒకటి స్త్రీల ద్వారా కూడా నడిచే ప్రాచీన మార్, రెండోది కెల్లీతో కలిసి నడిచే 1565 నాటి మార్. రెండోదాన్ని మోసేవారిని 'ఎర్ల్ ఆఫ్ మార్ అండ్ కెల్లీ' అంటారు. గందరగోళం లేకుండా వాళ్ళని వేరుగా గుర్తుపట్టేది ఈ 'అండ్ కెల్లీ'తోనే.

పాత మార్ బిరుదు మళ్ళీ స్త్రీకి వచ్చిందా?

వచ్చింది. మార్గరెట్ ఆఫ్ మార్ 1975లో తండ్రి తర్వాత 31వ కౌంటెస్ (ఎర్ల్ బిరుదున్న స్త్రీ) అయ్యారు. 1999 చట్టం వారసత్వ సభ్యులను 92 మంది మినహా హౌస్ ఆఫ్ లార్డ్స్ నుంచి పంపేసినప్పుడు ఆమె ఆ 92 మందిలో ఉన్నారు. 2020లో సభ నుంచి పదవీ విరమణ చేశారు. ఆమె వారసురాలు కూతురే. అలాంటి వారసురాలిని 'మిస్ట్రెస్ ఆఫ్ మార్' అంటారు, మగవాడైతే 'మాస్టర్' అనేవాళ్ళు. ఇసబెల్ చేతికి తాళాలొచ్చిన ఆరు వందల ఏళ్ళకి కూడా ఆ వరస తల్లి నుంచి కూతురికి నడుస్తోంది.

ఒకే మనిషికున్న బిరుదులు చనిపోయాక వేర్వేరు చోట్లకి పోతాయా?

పోతాయి. ఒక్కో బిరుదుకీ దాని పత్రం వేరు కదా. మనవాళ్ళకి బాగా తెలిసిన పేరుతోనే చెప్తాను. గవర్నర్ జనరల్ డల్హౌసీ స్కాట్లాండ్‌వాడు, పదో ఎర్ల్ ఆఫ్ డల్హౌసీ. పంజాబ్‌ను కలుపుకున్నందుకు 1849లో ఆయన్ని మార్క్వెస్ చేశారు. దత్తత చెల్లదంటూ సతారా, ఝాన్సీ, నాగపూర్ సంస్థానాలను కలిపేసుకున్నది ఈయన కాలంలోనే. 1860లో ఆయన చనిపోయారు, ఇద్దరు కూతుళ్ళు తప్ప కొడుకుల్లేరు. మార్క్వెస్ బిరుదు ఆయనతోనే ముగిసిపోయింది. పాత స్కాటిష్ ఎర్ల్ బిరుదు మాత్రం బాబాయి కొడుకు ఫాక్స్ మాల్‌కి వెళ్ళింది. కొడుకులు లేకపోతే ఏమౌతుందన్నది ఆయన ఇంట్లో రెండు బిరుదులకి రెండు రకాలుగా తేలింది.

ఇంకోటి, 22వ ఎర్ల్ ఆఫ్ ఎరోల్ 1941లో కెన్యాలో హత్యకు గురయ్యారు. స్కాటిష్ ఎర్ల్ బిరుదు కూతురు డయానాకి వచ్చింది. మగవాళ్ళ వరసలో నడిచే కిల్మార్నాక్ బేరన్ బిరుదు తమ్ముడికి పోయింది. సదర్లాండ్ కూడా 1963లో ఇలాగే విడిపోయింది. డ్యూక్ హోదా దూరపు దాయాదికి, ఎర్ల్ బిరుదు చనిపోయిన డ్యూక్ తమ్ముడి కూతురికి వెళ్ళాయి.

దత్తపుత్రుడికి హక్కుందా?

లేదు. దత్తత పిల్లలకి ఆస్తి రావచ్చు, మర్యాదకి వాడే 'లార్డ్', 'లేడీ' లాంటి సంబోధనలు 2004 నుంచి వాడుకోవచ్చు. బిరుదు మాత్రం రాదు. పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లలకీ మామూలుగా రాదు. అయితే స్కాట్లాండ్ చట్టంలో పాతకాలం నుంచీ ఒక వెసులుబాటుంది. తల్లిదండ్రులు తర్వాత పెళ్ళి చేసుకుంటే బిడ్డ చట్టబద్ధ సంతానమవుతుంది.

నాకొద్దు అని బిరుదు వదులుకోవచ్చా?

1963 నుంచి వదులుకోవచ్చు. వారసత్వం వచ్చిన ఏడాదిలోపు చెప్పాలి. ఆ చట్టం వచ్చిన కొత్తలోనే దాన్ని వాడుకున్నవారిలో 14వ ఎర్ల్ ఆఫ్ హోమ్ ఒకరు. 1963 అక్టోబరులో ప్రధాని అయిన కొద్ది రోజులకే బిరుదు వదులుకుని, అలెక్ డగ్లస్ హోమ్‌గా ఉపఎన్నికలో నిలబడి గెలిచారు. మధ్యలో రెండు వారాల పాటు బ్రిటన్ ప్రధాని ఏ సభలోనూ సభ్యుడు కాదు. వదులుకుంటే ఆ మనిషి జీవితకాలానికే పోతుంది, వంశానికి కాదు. 1995లో ఆయన పోయాక కొడుకు 15వ ఎర్ల్ అయ్యారు.

మన థామస్ మన్రో కూడా లార్డేనా?

కాదు. గ్లాస్గోలో పుట్టిన మన్రోకి 1825లో వచ్చింది బారోనెట్ హోదా. అది వంశపారంపర్యమే కానీ ప్రభువుల కోవలోకి రాదు, 'సర్' అని మాత్రమే పిలుస్తారు. 1827 జులైలో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో ఆయన చనిపోయాక అది కొడుక్కి వెళ్ళింది. రాయలసీమలో ఆయన పేరు మన్రోలప్పగా పిల్లలకి పెట్టుకున్నారు. అది ఏ రాజూ ఇచ్చిన హోదా కాదు.

అడుగు స్థలం కొంటే లార్డ్ అవుతారని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నిజమేనా?

నిజం కాదు. బహుమతిగా ఇచ్చుకోవడానికి సరదా కాగితం అనుకోండి, అంతవరకే. ఎర్ల్, లార్డ్ బిరుదులు అమ్మకానికి దొరకవు. స్కాట్లాండ్‌లో వంశ చిహ్నాల వ్యవహారాలు చూసే లార్డ్ లయన్ కార్యాలయం ఇలాంటి గజం ముక్కలను గుర్తించదు. పాస్‌పోర్ట్‌లో ఎక్కించుకోవచ్చనే ఆశతో డబ్బు కట్టకండి.

నేనే వారసుణ్ణి అని ఎవరైనా చెప్తే ఎలా రుజువు చేయాలి?

2004లో రాజ శాసనం ద్వారా ప్రభువుల జాబితా ఒకటి ఏర్పాటు చేశారు. అందులో పేరు లేకపోతే అధికార పత్రాల్లో ఆ బిరుదుతో రాయరు. పేరు ఎక్కాలంటే పుట్టుక, పెళ్ళి, చావు పత్రాలతో ప్రతి తరాన్నీ కలుపుకుంటూ రావాలి. ఒక్క లంకె తెగినా కుదరదు.

ఈ మధ్య డీఎన్ఏ కూడా వచ్చి చేరింది. స్టిచిల్ ప్రింగిల్ కుటుంబపు బారోనెట్ హోదా 1683 నాటిది. ఒక తరంలో కొడుకనుకున్నాయన నిజానికి ఆ తండ్రికి పుట్టలేదని పరీక్షలో తేలింది. ఆ సాక్ష్యాన్ని తీసుకోవచ్చని ప్రివీ కౌన్సిల్ న్యాయమూర్తులు 2016లో చెప్పారు, హోదా మరో శాఖకు మారింది. పాత కుటుంబాల్లో టెన్షన్ మొదలైంది అప్పుడే.

కాగితాలను ఎంత జాగ్రత్తగా చూడాలో చెప్పడానికి 1839 ఎడిన్‌బరో కేసును మించింది లేదు. అలెగ్జాండర్ హంఫ్రీస్ అనే ఆయన తానే ఎర్ల్ ఆఫ్ స్టర్లింగ్‌నన్నారు. ఆ బిరుదుతో పాటు కెనడాలో విస్తారమైన భూముల మీద హక్కూ అడిగారు. సాక్ష్యంగా పాత కెనడా పటం ఒకటి చూపించారు. దాని వెనక ఆ వంశ హక్కులను బలపరిచే రాతలున్నాయి, వాటి మీద 1706, 1707 తేదీలున్నాయి. పటం మీద అచ్చయిన సంవత్సరం 1703. చూడటానికి అంతా సరిగ్గానే ఉంది.

పటం గీసిన ఫ్రెంచి భూగోళ శాస్త్రవేత్త డెలీల్ పేరు పక్కన 'రాజుగారి ప్రథమ భూగోళవేత్త' అని అచ్చయి ఉంది. ఆ పదవి డెలీల్‌కి వచ్చింది 1718లో. అంటే పాత సంవత్సరాన్ని అలాగే ఉంచి, ఆ ప్రతిని 1718 తర్వాత అచ్చేశారు. అప్పటికింకా అచ్చే కాని కాగితం వెనక 1706లో ఎవరూ రాసి ఉండలేరు. పత్రాలు దొంగవని జ్యూరీ తేల్చింది. వాటిని హంఫ్రీసే సృష్టించారని గానీ, దొంగవని ఆయనకి తెలుసని గానీ రుజువు కాలేదని చెప్పి, ఆయన్ని వదిలేసింది.